బ్లాస్టింగ్‌కు బెదరని కుక్క

మధ్యాహ్నం రెండు గంటలకు మా కాలనీలో జరిగే పనుల వరుస ఇది. ఒకటి, సైరన్ మోగుతుంది. రెండు, మా అవ్వ, అంటే అమ్మ, పొయ్యి మీది గిన్నె దించి కింద పెడుతుంది. మూడు, పక్క క్వార్టర్ పెద్దమ్మ గూట్లోని గాజు సామానుకు చేతులు అడ్డం పెట్టి నిలబడుతుంది. నాలుగు, వీధిలోని కుక్కలన్నీ కల్వర్టు కిందికో, ఆటోల కిందికో, మంచాల కిందికో దూరుతాయి. ఐదు, నేల వణుకుతుంది. ఆరు, ఆ తరువాత చప్పుడు వస్తుంది. ఏడు, ఎవరో ఒకరు మా బాపును తిడతారు.

తిట్టడానికి కారణం ఉంది. రెండు కిలోమీటర్ల అవతల ఓపెన్‌కాస్ట్ గనిలో ఆ పేలుడు పేల్చేది మా బాపే, అంటే మా నాన్నే. షాట్‌ఫైరర్‌గా ఆయనకు చాలా ఏళ్ల సర్వీసు. గోదావరి ఒడ్డున ఉన్న ఈ కాలనీలో ఎవరి గోడకు బీట పడినా అది బాపు ఖాతాలోకే వెళ్తుంది. డ్యూటీ నుంచి వస్తుంటే పెద్దమ్మ గేటు దగ్గరే పట్టుకుంటుంది.

"నీ బ్లాస్టింగ్ పాడుగాను! గోడకు మల్ల పర్రె ఇచ్చింది, సూసినవా?"

బాపు చెయ్యి చెవి దగ్గర పెట్టుకొని, "ఏందొదినె? మంచిగున్నవా? మంచిగనే ఉన్న," అని నవ్వుకుంటూ లోపలికి వస్తాడు.

పేలుళ్ల మధ్య గడిపిన మనిషి కాబట్టి ఆయనకు వినికిడి తక్కువ. అందుకని మా ఇంట్లో మాటలు గట్టిగా ఉంటాయి, చేతులతో కూడా ఉంటాయి. అరచెయ్యి కిందికి ఆడిస్తే 'కూర్చో', చెయ్యి గుండ్రంగా తిప్పితే 'రా', పిడికిలి పైకెత్తితే 'ఆగు'. ఇవన్నీ గనిలో వాడే సైగలే. నేను ఇవి నడక కంటే ముందే నేర్చుకున్నానని అవ్వ అంటుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి, బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల నిర్వహణలో పని చేస్తున్నాను. ఏ విషయాన్నైనా అంకెలు వేసి వరుసగా రాసుకోవడం నాకు అలవాటు. ఈ సంగతంతా ఆ అలవాటు వల్లే బయటపడింది.

రెండేళ్ల కిందట బాపుకు జాతికుక్కను పెంచాలనే కోరిక పుట్టింది. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలుండే డాల్మేషియన్ కావాలన్నాడు. ఇద్దరం హైదరాబాద్ వెళ్లాం. అక్కడ ఒక పెంపకందారు ఇంట్లో రెండు ఆడ కుక్కపిల్లలు మిగిలి ఉన్నాయి. ఒకదానికి ఎడమ చెవి, కన్ను కలిపి ఒకటే పెద్ద నల్ల మచ్చ. జాతి లక్షణాల పుస్తకం ప్రకారం అది తప్పు కిందికి వస్తుందని, చుక్కలు ఉండాలి కానీ మచ్చ ఉండకూడదని ఆయన చెప్పాడు. రెండోదానికి ఒళ్లంతా తీర్చిదిద్దినట్టు చుక్కలు. మేము మాట్లాడుతుండగా వంటింట్లో స్టీలు పళ్లెం ఏదో కింద పడింది. మచ్చది సోఫా కిందికి ఉరికింది. రెండోది తోక ఊపుతూ బాపు ముఖమే చూస్తూ నిలబడింది.

"గిదే గావాలె," అన్నాడు బాపు. "అది పిరికిది. పైగ మొఖానికి బొగ్గు పూసుకున్నట్టున్నది. బొగ్గు నేను గనిల సూస్తలేనా?"

అలా వచ్చింది. బాపు దాన్ని 'బిడ్డా' అని పిలిచేవాడు కాబట్టి వేరే పేరు అవసరం రాలేదు.

వచ్చిన మొదటి మధ్యాహ్నమే అది కాలనీలో పేరు తెచ్చుకుంది. సైరన్ మోగింది, కుక్కలన్నీ మాయమయ్యాయి, నేల వణికింది, చప్పుడు వచ్చింది. మా బిడ్డ మాత్రం వరండా మెట్టు మీద కూర్చొని ఈగను చూస్తోంది. ఆ సాయంత్రం సంగతి విని బాపు మురిసిపోయాడు. ఆయన పేలుడును లెక్కచెయ్యని ప్రాణి కాలనీలో ఇదొక్కటే. క్రిస్మస్ పాటలప్పుడు చర్చి స్పీకర్ ముందర హాయిగా నిద్రపోయింది. పైగా బాపు చెయ్యి కదిపితే చాలు, వచ్చేది, కూర్చునేది, ఆగేది. నేను పిలిస్తే రాదు, అవ్వ పిలిస్తే రాదు. "దానికి యజమాని ఎవరో ఎరుకే," అనేవాడు బాపు.

పిల్లలు పుట్టకముందే వాటికి గిరాకీ వచ్చింది. బాపు అడిగినవాళ్లకల్లా మాట ఇస్తూ పోయాడు. చొప్పదండిలో ఉండే మా మేనమామ, గని క్యాంటీన్ ఆయన, మా చర్చి పాస్టరు గారు, గని అంచున పత్తి చేను ఉన్న రైతు, బాపుతో పనిచేసే ముగ్గురు. మొత్తం ఏడుగురు.

"పుట్టేది ఆరే అయితే ఏం జేస్తవ్?" అని అడిగింది అవ్వ.

"ఎన్మిది పుడ్తయ్. ధైర్యమున్న తల్లి."

ఇక జత కావాలి. గోదావరి బ్రిడ్జి దాటితే మంచిర్యాల. అక్కడ ఒక లారీల ఓనరు దగ్గర మగ డాల్మేషియన్ ఉందని, దాని కళ్లలో ఒకటి నీలం రంగులో మెరుస్తుందని, దీపావళికి పక్కనే బాంబు పేలినా అది చెవి కూడా కదపలేదని బాపుకు తెలిసింది. ఇంతకంటే మంచి సంబంధం ఎక్కడ దొరుకుతుంది? ఒక ఆదివారం చర్చి నుంచి అటే వెళ్లాం. ఓనరు అప్పుడే ధర్మపురి నుంచి వచ్చాడట. మా చేతుల్లో ప్రసాదం పెట్టి, తన కుక్కను పక్కన నిలబెట్టుకొని, పెళ్లిచూపుల్లోలాగే మాట్లాడాడు.

"పిలగాడు తాగడు, తిరగడు. బాంబు పేలినా బెదరడు. మీ పిల్ల ఎట్లుంటది?"

"మా పిల్ల రోజు నా బ్లాస్టింగ్ టైముకే పండుకుంటది," అన్నాడు బాపు.

"అయితే ఖాయం జేద్దాం ఇయ్యంకుడా!"

మగకుక్క యజమానికి పిల్లల్లో మొదటి ఎంపిక ఇవ్వడం ఇటు ఆనవాయితీ. దానికీ బాపు ఒప్పుకున్నాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. అంటే బాపు మాట పుచ్చుకున్నవాళ్లు ఎనిమిది మంది అయ్యారు. బిడ్డ నెల రోజుల్లో ఎదకు వస్తుంది.

దారిలో బాపు నాకొక పని అప్పగించాడు. ప్రతి పిల్లతో పాటు తల్లి ధైర్యం గురించి ఒక కాగితం ఇవ్వాలట. "నువ్వు సదువుకున్నోనివి. ఉత్తమాట గాదు, లెక్కతోటి రాయి."

నాకు ఇంతకంటే ఇష్టమైన పని లేదు. ఆ నెలంతా నాకు మొదటి షిఫ్టు పడింది, అది కూడా బెల్టు మరమ్మతులో సగం రోజే. మధ్యాహ్నాలు ఇంట్లోనే ఉండి నోట్‌బుక్‌లో పట్టిక గీశాను. సైరన్ మోగినప్పుడు ఏం చేసింది, నేల వణికినప్పుడు ఏం చేసింది, చప్పుడు వచ్చినప్పుడు ఏం చేసింది. చివరి రెండింటికీ వేర్వేరు గడులు ఎందుకంటే అవి ఒకేసారి రావు. పేలుడు కంపనం నేలలో నుంచి సెకనులోపే మా ఇంటికి వస్తుంది. గాలిలో నుంచి చప్పుడు రావడానికి ఆరు సెకన్ల దాకా పడుతుంది.

ఆరు రోజుల పట్టిక ఒకేలా వచ్చింది. సైరన్‌కు ఏమీ లేదు. నేల వణికినప్పుడు తల ఎత్తింది. అసలైన చప్పుడు వచ్చేసరికి తల వాల్చి పడుకొని ఉంది. భయం ఎరుగని కుక్కైనా అంత చప్పుడుకు ఒక చెవి తిప్పాలి కదా అనిపించింది. ఏడో రోజు అది అవ్వ నవారు మంచం మీద, పరుపులో పడుకుంది. ఆ రోజు నేల వణికినా తల ఎత్తలేదు.

నా పట్టిక కొలుస్తున్నది ధైర్యాన్ని కాదని అప్పుడు అనుమానం వచ్చింది.

మరునాడు పరీక్ష పెట్టాను. కుక్కకు తెలిసే దారులు నాలుగు: చూపు, వాసన, గాలి, కంపనం. వీటన్నిటినీ మూసేస్తే మిగిలేది చెవి. అది నిద్రపోయే దాకా ఆగాను. మంచం కోళ్ల కింద పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలు పెట్టాను. ఫ్యాను ఆపాను. నేను కిటికీ బయట నిలబడ్డాను.

"మంచానికి చెప్పులు తొడిగినవేందిరా?" అంది అవ్వ.

"కంపనం రాకుండనే అవ్వ. జర సప్పుడు జెయ్యకు."

స్టీలు పళ్లెం మీద గరిటెతో బలంగా కొట్టాను. బిడ్డ కదల్లేదు. మళ్లీ కొట్టాను. కదల్లేదు. మూడోసారికి పక్క క్వార్టర్ నుంచి పెద్దమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఇయ్యాల రెండు సార్లు పేలుస్తున్నరా ఏంది!"

అవ్వ పళ్లెం అందుకొని సొట్ట చూసింది. తరువాత కుక్కను చూసింది. అది హాయిగా నిద్రపోతోంది. "అయ్యో బిడ్డా," అంది అవ్వ మెల్లగా. "నిన్ను మొండిదానివని ఎన్ని మాటలన్నం."

రెండేళ్లు ఎలా తెలియకుండా పోయిందో ఆలోచిస్తే మా మీద మాకే నవ్వు వస్తుంది. వేరే ఏ ఇంట్లోనైనా నెల రోజుల్లో బయటపడేది. మా ఇంట్లో మాటతో పాటు చెయ్యి కూడా ఆడుతుంది. కుక్క చేతిని చూసి నడుచుకుంటే, మేము మా మాట విన్నదనుకున్నాం. అందరికంటే ఎక్కువ చేతులు ఆడించేది బాపు కాబట్టి ఆయన మాట అందరికంటే బాగా విన్నది.

టీకా సాకుతో దాన్ని కరీంనగర్ తీసుకెళ్లి పశువైద్యుడికి చూపించాను. ఆయన చెవులలో లైటు వేసి చూశాడు, వెనక నుంచి రకరకాల చప్పుళ్లు చేశాడు, నా పట్టిక కూడా చదివాడు.

"తమ్మీ, తోలుకు రంగునిచ్చే కణాలుంటయ్ సూడు, లోపలి చెవి బతకాల్నంటే గవే గావాలె. తెలుపెక్కువున్న జాతులల్ల ఒక్కోసారి ఆ కణాలు చెవి దాక చేరయ్. పుట్టిన కొన్ని వారాలకే లోపల పాడైతది. నీలికన్ను గూడ రంగు చేరకనే."

నేను మంచిర్యాల పెళ్లికొడుకు గురించి చెప్పాను. ఒక కన్ను నీలం, బాంబుకు బెదరదు. డాక్టర్ పెన్ను పక్కన పెట్టి నవ్వడం మొదలుపెట్టాడు.

"అంటే మీరు రెండు దిక్కుల ధైర్యమున్నదాన్ని ఏరుకున్నరు. పుట్టినయాట్లల్ల గూడ ధైర్యమున్నదాన్నే ఏరుకుంటరు. ఇట్ల నాలుగు తరాలు పోతే మీ ఊర్ల డాల్మేషియన్లు ఒక్కటి గూడ ఇనది."

హైదరాబాద్‌లో వదిలేసిన మచ్చపిల్ల గుర్తొచ్చి దాని సంగతి అడిగాను.

"దానికి రంగు దండిగ అందింది. చెవులు మంచిగుండే అవకాశం ఎక్కువ."

"మరి పుస్తకంల అదే తప్పని రాసిండ్రట గద సార్."

"రాసినోళ్లు కండ్లతోటి సూసి రాసిండ్రు." నవ్వు ఆపి ఆయన అన్నాడు, "ఈ రెండిటిని కలిపితే చెవిటి పిల్లలు పుడ్తయని తెల్వంగ ఇంక కలపొద్దు. ఆపాల్సింది మీరే. మీ బాపుకేం జెప్తవ్?"

చెప్పడమే కష్టమైంది. మా ఇంట్లో రహస్యంగా చెప్పే వీలు లేదు. బాపుకు వినిపించేలా చెబితే క్వార్టర్ల వరుసంతా వింటుంది. అందుకని అంతా కాగితం మీద రాసి ఇచ్చాను. చదివేసరికి ఆయన ముఖం ఎర్రబడింది.

"చెవిటిదైతే? చెవిటిదానికి పిల్లలు గావొద్దా? రేపు నన్ను గూడ అంటవ్. నాకు ఇనబడది గద!"

"నీది పనిల పోయింది బాపు. నాకు రాలే. దానిది పుట్టుకతోటి పోయింది. పిల్లలకు పోతది."

"నాకు ఇనబడదని మీ అవ్వ నన్ను ఇడిసిపెట్టిందా?"

"నీకు గావాల్సినయన్ని ఇనబడ్తయ్," అంది అవ్వ వంటింట్లో నుంచి. "కూరగాయలు తెమ్మన్నప్పుడే ఇనబడది."

గోడ అవతల పెద్దమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. "ఎన్మిది మందికి మాటిచ్చిన," అన్నాడు. "ముప్పై ఏండ్ల నుంచి గనిల నా మాట మీద మనుషులు పక్కకు జరుగుతరు. ఇప్పుడు కుక్కపిల్లల కాడ మాట తప్పాల్నా?" కాగితం మడిచి జేబులో పెట్టుకొని బయటికి వెళ్లాడు.

నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు కావాలంటే అవ్వను అడిగాడు, అదీ చెయ్యి ఊపకుండా. అటు మంచిర్యాల నుంచి 'ఇయ్యంకుడు' రోజుకోసారి ఫోను చేసి ముహూర్తం ఎప్పుడని అడుగుతున్నాడు. మూడో రోజు పొద్దున కిటికీలో నుంచి ఒకటి చూశాను. బిడ్డ గేటు వైపు తిరిగి కూర్చుంది. బాపు దాని వెనక, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకొని నిలబడి పిలుస్తున్నాడు. "బిడ్డా." మళ్లీ కొంచెం గట్టిగా, "బిడ్డా." తన పిలుపు తనకే ఎంత వినిపించిందో తెలియదు. అది తిరగలేదు. కాసేపటికి బాపు నడిచి దాని ముందుకు వెళ్లి చెయ్యి తిప్పాడు. ఎగిరి మీద పడింది.

ఐదో రోజు డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా వరండాలో నా పక్కన కూర్చున్నాడు. మాట చాలా మెల్లగా వచ్చింది, ఆయన లెక్కలో.

"ఇయ్యాల ఏమైందో ఎర్కనా? సైరన్ కొట్టిచ్చిన. అంచు మీది పత్తి చేన్ల ఆయన కుక్కలు రెండున్నయ్ గద, సైరన్ ఇనంగనే ముందుగాల అవి ఉరికొచ్చినయ్. ఎనుక ఆయనొచ్చిండు. రోజు గట్లనే వస్తరు. ఎర్రజెండా దాటినంక ఆడికెళ్లే చెయ్యి ఊపి అడిగిండు, నా పిల్లను ఎప్పుడిస్తవే అని."

నేను నోట్‌బుక్ మూసి ఆయన వైపు తిరిగాను.

"నా చెయ్యి బటన్ మీదున్నది కొడుకా. ఇస్తననుకో. అది సైరన్ ఇనది. చెట్టు నీడకు పండుకోని ఉంటది. ఆయనకు యాదికొస్తది, మల్ల లోపలికి ఉరుకుతడు. పేల్చేది ఎవరు? నేనే." బూటు లేసు విప్పుతూ అన్నాడు, "ఇననోడు లోపలుంటడని ఎర్కున్నంక పేల్చొద్దు. అది మా మొదటి రూలు. నీ కాగితం రాయి. ఎన్మిది మంది వరుస రాయి. ఒక్కొక్కరికి నేనే చెప్త."

వరుసలో మొదట మంచిర్యాల. ఈసారి ప్రసాదం బదులు బాపు మా ఇంటి సొట్ట పళ్లెం పట్టుకొచ్చాడు. సంగతి విని లారీల ఓనరుకు కోపం వచ్చింది.

"మీ పిల్ల కాడ లోపం పెట్టుకోని మా పిలగాని మీద ఏస్తరా?"

"సూసినంకనే తిట్టు ఇయ్యంకుడా," అని బాపు పెళ్లికొడుకు వెనక్కి వెళ్లి పళ్లెం మోగించాడు. లారీ కింద పడుకున్న క్లీనరు లేచి కూర్చున్నాడు. ఇంట్లో నుంచి ఓనరు భార్య బయటికి వచ్చింది. నీలికన్ను కుక్క మాత్రం గేటు మీది కాకిని చూస్తూనే ఉంది. బాపు ఇంకోసారి మోగించాడు. కాకి కూడా వెళ్లిపోయింది.

ఓనరు వచ్చి కుక్క పక్కన గొంతుక్కూర్చున్నాడు. "మూడేండ్ల సంది దీన్ని లారీలకు కాపలా పెట్టిన గదనే," అన్నాడు చివరికి.

"అందుకే మొన్న బ్యాటరీ పోయింది," అంది భార్య.

అక్కడ మొదలైన నవ్వు భోజనం దాకా ఆగలేదు. సంబంధం తప్పింది కానీ వియ్యం తప్పలేదని ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మటన్ పెట్టాడు. చెయ్యి కడుక్కుంటున్నప్పుడు బాపును పక్కకు పిలిచి, "నా దగ్గర దీన్ని జతకడిగినోళ్లు ఇంక ఇద్దరున్నరు. వాళ్లకేం జెప్పాలె?" అన్నాడు.

"నేను ఇంక ఏడుగురికి చెప్పాలె. ఆడికి వచ్చి సూడు, నేర్చుకుంటవ్."

క్యాంటీన్ ఆయన టీ పోస్తూనే సరే అన్నాడు. పాస్టరు గారు కుక్క కోసం ప్రార్థిస్తానంటే అవ్వ సంతోషపడింది. తోటి పనివాళ్లు ముగ్గురూ వారం రోజులు బాపును 'ధైర్యం సర్టిఫికెట్' అని పిలిచారు. పత్తి చేను రైతు దగ్గర మాత్రం బాపు ఎక్కువసేపు నిలబడాల్సి వచ్చింది. ఆయన తన రెండు కుక్కలను చూశాడు, గనిని చూశాడు. "మనసుల పెట్టుకున్న," అన్నాడు. "అయినా పిల్ల పుట్టకముందే చెప్పినవ్. మంచిగయింది."

బిడ్డకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కరీంనగర్‌లోనే చేయించాం. కుట్లు చూసి డాక్టర్ బాగుందన్నాక బాపు గొంతు సవరించుకొని, "సార్, నా చెవులు గూడ జర సూస్తవా?" అన్నాడు. ఆయన నవ్వి, మనుషుల డాక్టర్ ఉన్న వీధి చూపించాడు. బాపు వెళ్తాడనుకోలేదు. వెళ్లాడు. ఆ రోజు నుంచే చెవి వెనక చిన్న మిషను ఉంది. అవ్వ కూరగాయల మాట ఎత్తినప్పుడు దాన్ని ఆపుకుంటాడు.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు చొప్పదండిలో ఆగాం. వరుసలో చివరివాడు మా మేనమామ. అంతా విని ఆయన, "నాకు చెవిటిదే నయముండె బావ. మీ చెల్లె లొల్లికి ఇంట్ల ఒక్కరన్న నిమ్మళంగ ఉండేది," అన్నాడు. అత్త చేతిలో చీపురు ఉంది. మేము తొందరగా బయల్దేరాం.

కారు వెనక సీట్లో బిడ్డ బాపు ఒళ్లో తల పెట్టి పడుకుంది. నాకు ఆ మచ్చపిల్ల మళ్లీ గుర్తొచ్చింది.

"ఆ రోజు ఆ బొగ్గు మొఖందాన్ని తెచ్చుకుంటే గీ పరేషానంత లేకుండె బాపు."

ఆయన మిషను సరిచేసుకున్నాడు. "అది ఎట్లన్న బతుకుతది. సప్పుడైతే సోఫా కిందికన్న పోతది," అన్నాడు. "మరి దీన్నెవరు తెచ్చుకుందురు? చేతులతోటి మాట్లాడే ఇల్లు ఇంకోటి దొరుకునా?"

ఆ నెల నుంచి ఆయన దానికొక కొత్త సైగ నేర్పించడం మొదలుపెట్టాడు. గనిలో వాడి చిరిగిన ఎర్రజెండా ఒకటి ఇంటికి తెచ్చాడు. జెండా ఊపితే మంచం కిందికి పోవాలి. నేను ఎప్పటిలాగే నోట్‌బుక్‌లో రాశాను. పదకొండో రోజుకు దానికి ఆ సైగ వచ్చింది.

అందుకని మొదట రాసిన వరుసలో ఇప్పుడు రెండు మార్పులు చెయ్యాలి. రెండు, అవ్వ గిన్నె దించి, గోడకున్న ఎర్రజెండా తీసి ఊపుతుంది. నాలుగు, వీధిలోని కుక్కలన్నీ, మా బిడ్డతో సహా, ఎక్కడో ఒకచోట దూరుతాయి. ఏడో అంశంలో మార్పేమీ లేదు. మొన్న కూడా పెద్దమ్మ గేటు దగ్గర పట్టుకుంది. తేడా ఒక్కటే. తిట్లు ఇప్పుడు బాపుకు పూర్తిగా వినిపిస్తున్నాయి.